పోచమ్మ కాళ్లు

మొన్న మా మునిమనుమరాలు బడి నుంచి వచ్చీ రాగానే, సంచి అయినా దించకుండా నా మంచం దగ్గర నిలబడి, "ముసలవ్వా, ఇయ్యాల మా బడిల భూకంపం వచ్చింది" అంది. నేను గాభరాగా లేచి కూర్చున్నాను. అది పకపకా నవ్వి, "నిజంది కాదు, ఉత్తుత్తిది" అంటూ వివరమంతా చెప్పింది. గంట కొట్టారట. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని, ఒకరినొకరు తోసుకోకుండా వరుసగా మైదానంలోకి వచ్చారట. పంతులమ్మ పేర్లు పిలిచి అందరూ వచ్చారో లేదో చూసుకుందట. చివర్లో బిస్కెట్లు పంచారట.

"మీ చిన్నప్పుడు గిట్లాంటియి ఉంటుండెనా?" అని అడిగింది.

"ఉంటుండె బిడ్డా. కని మాకు కోడికూర పెడుతుండిరి" అన్నాను.

అది నమ్మలేదు. దాని తప్పేమీ లేదు. చూపించడానికి ఊరు ఉంటే కదా. మా ఊరు ఇప్పుడు ఆనకట్ట వెనుక నిలిచిన నీళ్లలో ఉంది. మేమంతా సడక్ పక్కన సర్కారు ఇచ్చిన జాగాలో, ఒకే తీరుగా కట్టిన ఇళ్లలో ఉంటున్నాం. ఇక్కడ ఏ ఇంట్లోంచి చూసినా ఎదురింటి గోడే కనిపిస్తుంది. ఆ ఊళ్లో మా దర్వాజ తీస్తే గోదావరి కనిపించేది.

నేను చిన్నప్పటి నుంచీ దేన్నయినా నోరు తెరుచుకుని చూసే మనిషిని. "నోరు మూయ్, ఈగలు పోతయ్" అని మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, రోజుకోసారైనా అనేది. ఈ వయసులో కూడా ఆ అలవాటు పోలేదు. కాబట్టి నేను చెప్పేదాంట్లో గోదావరి కొంచెం పెద్దగా కనిపిస్తే, అది నా కళ్ల తప్పు అనుకోండి. కానీ నిజంగా అది అంత పెద్దదే.

మా ఊరు చెన్నూరు దిక్కున ఉండేది. ముందు గోదావరి, వెనుక ఒక వాగు, నడుమ నల్లటి నేల. చేయి ముంచితే మోచేతి దాకా దిగేంత మెత్తని నేల అది. జొన్న వేస్తే మనిషి నెత్తి దాటి పెరిగేది. ఎండాకాలంలో ఏటి ఇసుక దుబ్బలో కాసిన పుచ్చకాయలు ఎడ్లబండ్ల మీద మంచిర్యాల దాకా పోయేవి. నేల మంచిదని మా పెద్దలు అక్కడ దిగారు. ఆ నేల అంత మంచిదవడానికి కారణం మాత్రం కొన్నేళ్లకోసారి గోదావరి వచ్చి దాని మీద పడుకుని పోవడమే. ఆ బేరం తెలిసే అక్కడ ఉన్నారు.

"గోదారి ముంగటి నుంచి రాదు బిడ్డా. ఎనుక దర్వాజ నుంచి వస్తది" అనేది బాపమ్మ. ఊరి ముందు ఒడ్డు ఎత్తు. అటు నుంచి నీళ్లు రావు. కానీ గోదావరి నిండుగా పోటెత్తినప్పుడు వాగు నీళ్లకు పోయే దారి ఉండదు. అప్పుడు ఏటి నీళ్లే వాగులోకి జొరబడి వెనక్కి పారేవి. దీన్ని మా ఊళ్లో 'వాగు ఎదురెక్కుడు' అనేవాళ్లు. ఎదురెక్కిన వాగు మొదట ఒర్రెను నింపేది. ఒర్రె అంటే ఊరికీ, పక్కనే ఎత్తుగా ఉన్న బోడగుట్టకూ నడుమ ఉన్న చిన్న పల్లం. మామూలు రోజుల్లో మేకపిల్ల కూడా ఒక్క దూకులో దిగి ఎక్కేస్తుంది. అది నిండిందా, గుట్టకు దారి లేదు. ఇక ఊరు చుట్టూ నీళ్లే.

అందుకే పోచమ్మ. వాగు ఒడ్డున వేపచెట్టు కింద పసుపూ కుంకుమా పూసిన గుండ్రాయి ఉండేది. అదే మా గ్రామదేవత. రాయి కింది అంచును పోచమ్మ కాళ్లు అనేవాళ్లం. 'పోచమ్మ కాళ్లు తడిస్తే ఊరు లేవాలె' అన్న మాట మా ఊళ్లో ఉగ్గుపాలతో పోసేవాళ్లు. కాళ్లు తడిసే సమయానికి ఒర్రెలో ఇంకా నీళ్లు చేరవు. అప్పుడు లేస్తే పిల్లా జెల్లా గొడ్డూ గోదా అంతా పొడి కాళ్లతో గుట్ట ఎక్కొచ్చు. ఆ రాయిని అక్కడ, సరిగ్గా ఆ ఎత్తులో ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. "మా అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పింది" అనేది బాపమ్మ. అంతకు మించి పోతే అడ్డమైన ప్రశ్నలు అడుగుతున్నానని మొట్టికాయ వేసేది.

లేవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఆ నేర్పు కోసమే 'వంటలకు పోవుడు' ఉండేది. మిర్గం, అంటే మృగశిర కార్తె, పడి నేల తడిసిన తర్వాత ఒక ఆదివారం డప్పు సాటింపు వేయించేవారు. ఆ రోజు పొద్దున ఊరు ఊరంతా ఖాళీ అయి గుట్ట మీద వండుకుని తినాలి. పొద్దుగూకే దాకా ఎవరూ ఊళ్లో అడుగు పెట్టకూడదు. వేరే ఊళ్లలోనూ వంటలకు పోయేవాళ్లు కానీ మా ఊరి పద్ధతి వేరు. ఎవరు ముందు నడవాలో, ఎవరు ఏం మోయాలో ఖాయం. ముందు మోట తాడు పట్టుకుని ఇద్దరు మగవాళ్లు పోయి ఒర్రెకు అటూ ఇటూ చెట్లకు కట్టేవాళ్లు. నీళ్లు చుక్క లేకపోయినా కట్టాల్సిందే. తర్వాత ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు. వాళ్ల వెనుక గొడ్లు. ఆ వెనుక విత్తనాల మూటలు, ఉప్పు, నిప్పుల కుండ. బంగారం, వెండి ఉన్నవాళ్లు అవి అన్నిటికన్నా చివర తెచ్చుకోవాలి.

"గోదారి తల్లే, కాదనం. కని బందోబస్తు మనది" అనేవాడు మా ఊరి పటేలు. బొజ్జ ముందుకు వేసుకుని గుట్ట మీద పెద్ద బండ ఎక్కి నిలబడి, ఇంటింటి పేర్లు పిలిచేవాడు. పిలిచినవాళ్లు పలకాలి. అందరూ పలికితేనే పొయ్యిలు ముట్టించడం.

మాకు ఇదంతా పండుగ. తడిసిన బండల వాసన, పచ్చి కట్టె పొగ, నువ్వులూ ఎండుకొబ్బరీ నూరి వేసిన కోడికూర, ఉడుకుడుకు జొన్నరొట్టె. మగవాళ్లు ఒక పక్కన కల్లు కుండల చుట్టూ చేరి నిజాం పోయిన ముచ్చటా, కొత్త సర్కారు వచ్చిన ముచ్చటా చెప్పుకుంటుంటే, మేం వాళ్ల వెనుక చేరి మోదుగాకుల దొప్పల్లో అడుగున మిగిలిన కల్లు నాకేవాళ్లం. ఇదంతా నీళ్ల కోసం చేసే కసరత్తు అని మాకు తట్టేదే కాదు.

ఒక ఏడు నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. వంటల రోజున ఖాళీ ఊళ్లో పోచమ్మ వాడవాడా తిరుగుతుందని బాపమ్మ చెప్పేది. చూడాలి కదా. అందరూ బయలుదేరే హడావిడిలో నేను మా జొన్నల గుమ్మిలోకి దూకి కూర్చున్నాను. కాసేపటికి డప్పు చప్పుడు దూరమైంది. గుమ్మిలోంచి తల బయట పెట్టాను. ఎవరూ లేరు. కుక్క కూడా లేదు. అప్పుడు వినిపించింది గోదావరి. రోజూ ఊరి చప్పుళ్ల కింద అణిగి ఉండే ఆ శబ్దం మా వంటింట్లోకి, గుమ్మిలోకి, నా చెవుల్లోకి వచ్చేసింది. ఎవరో చాలా పెద్ద మనిషి పక్క గదిలో పడుకుని ఊపిరి తీస్తున్నట్టుంది. పోచమ్మ కనిపించలేదు గానీ, నేను ఆ రోజు భయపడినంతగా మళ్లీ ఏ దేవతకూ భయపడలేదు.

అక్కడ గుట్ట మీద పటేలు నా పేరు పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఊరంతా పొయ్యిలు ముట్టించకుండా కోసిన కోళ్లను ముందు పెట్టుకుని కూర్చుందట. బాపు పరుగున వచ్చి నన్ను చెవి పట్టుకుని గుట్ట ఎక్కించాడు. ఏడాది పొడుగునా నేను ఏ వాడకు పోయినా, "గిదే గిదే, మమ్ముల ఉపాసం పెట్టిన పిల్ల" అని ఏడిపించారు.

మా బాపు మాట తక్కువ మనిషి. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఏదో ఒకటి చెక్కుతూ, అల్లుతూ ఉండేవాడు. నా తర్వాత మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లికి, ఇద్దరు పిల్లలు పుట్టి జ్వరాలతో పోయారు. మూడోసారి అవ్వ కడుపుతో ఉన్నప్పుడు బాపు పోచమ్మకు మొక్కాడు. "తల్లి ఏటేటా బురదల కూసుంటున్నది. గద్దె మీద కూసోబెడ్త" అని. మొక్కులు పని అయ్యాక తీరుస్తారు. బాపు అంత వరకు ఆగలేదు. "ముందుగాలనే కట్టిస్తే తల్లికి మొహమాటమైతది" అన్నాడు.

బండి కట్టుకుని పోయి సిమెంటు బస్తాలు తెచ్చాడు. మా ఊరు సిమెంటును చూడటం అదే మొదలు. బూడిద లాంటిది నీళ్లు తగిలి రాయిగా మారుతుంటే జనం వచ్చి తాకి తాకి చూశారు. నేనయితే నోరు తెరిచే ఉన్నాను. బాపు వేపచెట్టు కింద మోకాలికి పైదాకా గద్దె కట్టి, చుట్టూ మెట్లు తీర్చి, నున్నగా రుద్దాడు. డప్పులతో పోచమ్మను లేపి దాని మీద కూర్చోబెట్టారు. మొదటి కొబ్బరికాయ బాపమ్మే కొట్టింది. "ఇప్పుడు తల్లి రాణి లెక్కున్నది" అని పటేలు మెచ్చుకున్నాడు. అవ్వ పెద్ద కడుపుతో మెల్లగా వచ్చి దండం పెట్టుకుంది. అంతమందిలో ఒక్కరికీ ఏ అనుమానమూ రాలేదు. దేవతను గౌరవిస్తే కీడు ఎలా వస్తుంది?

మఖ కార్తెలో అవ్వ ప్రసవించింది. తమ్ముడు. వెలుతురు రాని లోపలి గదిలో కుంపటి పెట్టి, వేపాకు పొగ వేసి, అవ్వ చెవుల్లో దూది కుక్కి గొంగడి కప్పారు. కారం, ఎల్లిపాయ వేసిన పథ్యపు అన్నం వాసన ఇల్లంతా. గదికి బాపమ్మ కాపలా. "బాలింత కాలు చల్లటి నేల మీద పడొద్దు. కాలు తడిసిందంటే సన్నిపాతం పట్టి పానం పోతది" అని నన్ను కూడా తడి కాళ్లతో గడప దాటనిచ్చేది కాదు. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న ఇల్లు అది. బాపు గది బయట కూర్చుని తమ్ముడి ఏడుపు వినిపించినప్పుడల్లా తల ఊపేవాడు.

వాన పట్టింది. ఒక వాన కాదు. తెల్లవారిందా లేదా అన్నది కోడి కూతను బట్టే తెలిసేది. గోదావరి ఎర్రమట్టి రంగుకు తిరిగింది. పై నుంచి వచ్చే నీళ్లు ఒక పక్క, కింద ప్రాణహిత పోటెత్తి గోదావరిని ముందుకు పోనివ్వకపోవడం ఒక పక్క. నీళ్ల నడిమి భాగం ఉబ్బి, ఒడ్డుకన్నా ఎత్తుగా కనిపించింది. వేళ్లతో సహా లేచిన చెట్లు నిలువుగా నడిచి పోతున్నాయి. అంత నీటికి ఒక వాసన ఉంటుంది. తవ్విన మట్టి, కుళ్లిన ఆకు, ఇనుము కలిసినట్టు. అది ముక్కుకు తగిలితే ఇంట్లో ఎద్దులు కూడా మేత మానేసేవి.

అయినా ఊళ్లో భయం లేదు. మగవాళ్లు వంతులు వేసుకుని వాగు దగ్గరికి పోయి చూసి వస్తున్నారు.

"తడిసినయా?"

"తడవలే."

ఈ రెండు మాటలే వాడ పొడుగునా. బాపు తన వంతు కాకపోయినా పోయేవాడు. తిరిగి వచ్చి గడప బయటి నుంచే అవ్వకు వినపడేలా, "తల్లి మంచిగున్నది. కాళ్లు పొడిగున్నయ్. ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ గొంతులో తన గద్దె మీద గర్వం కూడా ఉండేది.

ఒక పొద్దున, వాన జర తెరిపి ఇచ్చినప్పుడు, బాపమ్మ తట్టెడు చెత్త పట్టుకుని పెరట్లోకి పోయింది. పేడా చెత్తా పోసే పెంటబొంద ఇంటి వెనుక మూలన ఉండేది. తట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నేను వెనుక నుంచి తొంగి చూశాను. బొంద నిండా నీళ్లు. వాన నీళ్లయితే నల్లగా ఉండాలి. ఇవి ఎర్రగా ఉన్నాయి. మెల్లగా సుడి తిరుగుతున్నాయి.

బాపమ్మ బాపును పిలిచింది. గొంతు పెంచలేదు.

"కొడుకా, ఇప్పుడు పోచమ్మను చూసి వచ్చినవా?"

"చూసిన అవ్వా. తడవలే."

"తల్లి కాళ్లు తడవకముందే నా పెంటబొందలకు గోదారి ఎట్ల వచ్చింది?"

బాపు చేయి మోకాలి పైన, తను కట్టిన గద్దె ఎత్తుకు వచ్చి ఆగింది.

"నువ్వామెను యాడ కూసోబెట్టినవ్ రా" అంది బాపమ్మ.

ఆ క్షణంలో మా బాపు ముఖం ఎలా మారిందో ఇప్పటికీ చెప్పలేను. రక్తం ఉన్న ముఖం రక్తం లేనిదైంది. మరు నిమిషం వాడలో పరుగెత్తుతున్నాడు. "లేవుండ్రి. ఊరు లేవాలె. జల్ది లేవుండ్రి" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. డప్పు మోగింది.

అప్పుడు చూశాను ఆ వంటల రోజుల మహిమ. ఎవరూ అరవలేదు. ఎవరూ 'ఏం తీసుకుపోదాం' అని అడగలేదు. మోట తాడు తీసుకున్నవాళ్లు ముందే ఉరికారు. ఏ ఇంటి ముసలమ్మను ఎవరు ఎత్తుకోవాలో వాళ్ల చేతులకే తెలుసు. మా పక్కింటి ముసలవ్వ నిప్పుల కుండ మీద మూత పెట్టుకుని, ఏటా నడిచినట్టే నడిచింది. నా వంతు ఉప్పు మూట. మూట నా నెత్తి మీదికి తనంతట తానే వచ్చినట్టు అనిపించింది.

కానీ ఒర్రె ఏటా ఉన్నట్టు లేదు. పొడిగా దాటాల్సిన చోట ఎర్రటి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. అవి వాగు వైపుకు కాదు, వాగు నుంచి ఊరి వైపుకు పారుతున్నాయి. తాడు కట్టడమైతే అయింది. ముసలివాళ్లు భుజాల మీద, పిల్లలు మెడల మీద, తాడు పట్టుకుని ఒక్కొక్కరే దాటారు. నన్ను పటేలే ఎత్తుకుని దాటించాడు. అంత బొజ్జ మనిషి నీళ్లలో అంత గట్టిగా నిలబడతాడని నేను అనుకోలేదు.

అవ్వ మంచం వచ్చింది. నులక మంచం మీద గొంగడి ముసుగుతో అవ్వ, ఆమె పొట్ట మీద తమ్ముడు. మంచం నాలుగు కోళ్లకూ నలుగురు మగవాళ్లు. పారే నీళ్లు ముందుగా వచ్చి తాకే వైపు బాపు. పక్కన బాపమ్మ చీర కుచ్చిళ్లు బిగించి నడుస్తోంది. "కాలు తడవద్దు. ఎట్లన్న కానియ్, కాలు తడవద్దు" అని అదే జపం. మంచాన్ని నెత్తుల మీదికి ఎత్తారు. నడిమికి వచ్చేసరికి నీళ్లు బాపు ఛాతీ దాకా వచ్చాయి. ఎక్కడిదో ఒక దూలం తిరుగుతూ వచ్చి బాపు పక్కటెముకలకు కొట్టుకుంది. మంచం ఒక పక్కకు వాలింది. గొంగడి అంచు నీళ్లను తాకింది. అవ్వ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. బాపు ఒక చేత్తో తాడు, ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని దూలం తనను రాసుకుంటూ పోయే దాకా అలాగే నిలబడ్డాడు. కదల్లేదు. ముఖం పైకెత్తి మంచం అడుగునే చూస్తున్నాడు.

మంచం గట్టెక్కింది. దించగానే బాపమ్మ గొంగడి కిందికి చేయి పోనిచ్చి అవ్వ అరికాళ్లు తడిమి చూసింది. "పొడిగున్నయ్" అంది. అనేసి అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది.

గుట్ట మీద పటేలు బండెక్కి పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. నా పేరు పిలిచినప్పుడు మాత్రం రెండు సార్లు పలికాను.

ఆ తర్వాత మేం చూసింది చెబితే అబద్ధమంటారు. ఊరు కరిగింది. మట్టి గోడలు నీళ్లు తాగి తాగి, ఉన్నట్టుండి మోకాళ్ల మీద కూర్చున్నట్టు కూర్చునేవి. బుడుంగుమన్న చప్పుడు, ఆ మీదట దుమ్ము. నీళ్ల నడుమ దుమ్ము లేవడం నేను అక్కడే చూశాను. ఎవరిదో గుడిసె కప్పు లేచి తేలుతూ వాగులోకి వచ్చి, వాగు ఎక్కడి నుంచి వస్తుందో అటే ఎగువకు బయలుదేరింది. దాని మీద ఒక పుంజు మెడ నిక్కించి నిలబడి ఉంది. ఏరు వెనక్కి పారుతోంది. ఇల్లు పైకి పోతోంది. కోడి దారి చూపిస్తోంది. అంత దుఃఖంలో కూడా ఎవరో, "గది మా పుంజే. వంటలకు మిగలవెట్టిన" అన్నారు. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. నేను నోరు మూయనే లేదు. బాపమ్మ కూడా ఈగల మాట ఎత్తలేదు. ఆమె నోరు కూడా తెరిచే ఉంది.

అందరికీ దూరంగా నిలబడిన బాపు అప్పుడు పటేలు ముందుకు వచ్చాడు. పక్కటెముకల దగ్గర తోలు లేచిపోయి ఉంది.

"నా మొక్కే ఊరును ముంచింది. తల్లిని నేనే పైకెక్కించిన. ఏం శిక్షేస్తరో వెయ్యుండ్రి" అన్నాడు.

అక్కడ ఇళ్లు పోని మనిషి లేడు. ఎవరైనా ఒక మాట అంటే చాలు, మా బాపు ఇక ఆ ఊళ్లో తలెత్తేవాడు కాదు. అందరికన్నా ముందు ఇల్లు పడిపోయిన పక్కింటి ముసలవ్వ, ఊదుకుంటూ నిప్పుల కుండ మూత తీసింది.

"తల్లి ఎక్కిననాడు మేమందరం లేమా? నేను సుత తాళమేసి పాడిన" అంది. "పేర్లు సరిపోయినయ్ గద. పొయ్యి ముట్టియ్యి కొడుకా. బాలింతకు ఉడుకు నీళ్లు కావాలె."

బాపు కూర్చుని తడి కట్టెలు ఊదాడు. పొగకే కళ్లు తుడుచుకున్నాడని చాలా ఏళ్లు అనుకున్నాను.

నీళ్లు వచ్చినంత తొందరగా పోలేదు. పోయాక ఊరంతా ఒండ్రు. అడుగు పెడితే పిండిలా మెత్తన. ఇళ్లు మళ్లీ కట్టుకోవడం మొదలైంది. పోచమ్మను కిందికి దించాలా వద్దా అని పెద్దల నడుమ మాట వచ్చింది. కూర్చోబెట్టిన తల్లిని లేవగొట్టే ధైర్యం ఎవరికీ లేదు. తీర్పు బాపమ్మ చెప్పింది. "ఒళ్లు పైననే ఉండనియ్యుండ్రి. కాళ్లు కిందికి దించుండ్రి."

బాపు ఏటి దుబ్బలోంచి చదునైన నల్ల బండ ఒకటి ఎత్తుకొచ్చాడు. పురుడైన అవ్వ, మళ్లీ కట్టుకున్న ఇంటి అరుగు మీద తమ్ముడికి నూనె రాస్తోంది. బాపు బండను ఆమె ముందు పరిచాడు. చేతిలో బొగ్గు ముక్క ఉంది.

"జర దీని మీద నిలబడు."

"దేనికి?"

"పోచమ్మకు కాళ్లు చెక్కాలె."

అవ్వకు మొదట అర్థం కాలేదు. అయ్యాక, కాళ్లు చీర కిందికి లాక్కుంది. "నా కాళ్లా? మతుండే అంటున్నవా? మనిషి కాళ్లు దేవత కాళ్లయితయా? కండ్లు పోతయ్."

బాపు బండ మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. అప్పుడు అన్నంత పొడుగు మాట ఆయన నోట నేను ముందెప్పుడూ వినలేదు, తర్వాతా వినలేదు. "ఆ నాడు ఊరంత తడిసింది. గొడ్డు తడిసింది, గోడ తడిసింది, నేను తడిసిన. తడవనియి గియ్యే. నాకు గీ కాళ్లే పోచమ్మ కాళ్లు. నువ్వొద్దంటే నేను ఇంకో కాళ్లు చెక్కలేను."

అవ్వ తమ్ముణ్ని నా ఒళ్లో పెట్టింది. లేచి బండ మీద నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. బాపు మోకాళ్ల మీద వంగి ఆమె పాదాల చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. పెరటి గడపలో బాపమ్మ చాట పట్టుకుని నిలబడి ఉంది. చూసింది. చూడనట్టు బియ్యం చెరుగుతూ లోపలికి పోయింది.

బాపు రాతిపని చేసేవాడు కాదు. ఎడమ పాదం కుడి పాదంకన్నా పెద్దదైంది. చిటికెన వేలు ఒకటి విరిగింది. అయినా గద్దె ముందు, పాత రాయి కూర్చున్న ఎత్తు చూసుకుని ఆ బండను పాతారు. ఊరంతా పసుపు పూసి మొక్కింది. సంగతి దాగుతుందా? బావి దగ్గర ఆడవాళ్లు అవ్వను చూసి, "జరుగుండ్రి, పోచమ్మ వస్తున్నది" అనేవాళ్లు. "అక్కా, నీ కాలుకు ముళ్లు గుచ్చుకుంటే ఊరు కుంటుతదేమో" అనేవాళ్లు. అవ్వ సిగ్గుతో చచ్చిపోయేది. అందరూ దండం పెట్టే చోట ఆమె ఒక్కతి పక్కకు జరిగి నిలబడేది.

గోదావరి ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. వంతులు వేసుకుని చూసి వచ్చేవాళ్లు. తడిసినయా అంటే తడిసినయని చెప్పేవాళ్లు. ఊరు లేచేది, పొడి కాళ్లతో ఒర్రె దాటేది. నాకు తెలిసి మా ఊళ్లో గోదావరి ఒక్క మనిషిని కూడా తీసుకోలేదు. అంత పెద్ద ఏటికి ఎదురుగా అంత చిన్న ఊరు చేసింది చూస్తే, ఇప్పటికీ నాకు ఏరే చిన్నదనిపిస్తుంది.

బాపమ్మ పోయింది, పటేలు పోయాడు, బాపు పోయాడు. ఆనకట్ట మాట వచ్చింది. మేం కాలనీకి వచ్చేటప్పుడు పోచమ్మను డప్పులతో తెచ్చుకున్నాం. కాళ్ల బండను కూడా తవ్వుదామని పిల్లలు గడ్డపారలు తెస్తే, మంచానికి అతుక్కుపోయిన అవ్వ వద్దంది. "ఆడనే ఉండనియ్యుండ్రి. నేను రేపో మాపో పోయేదాన్ని, గయ్యి యాడికొస్తయ్" అంది.

గేట్లు దించాక నీళ్లు రోజూ కొంచెం కొంచెంగా ఊరి మీదికి వచ్చాయి. అవ్వ బాధపడుతుందని ఆ ముచ్చట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఒక సాయంత్రం నేను ఆమె దగ్గర కూర్చుని కూర తరుగుతున్నాను. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. గాలి కూడా లేదు.

"బిడ్డా, కాళ్లు సల్లగయితున్నయే" అంది అవ్వ.

దుప్పటి సరిచేశాను. అప్పుడే తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఆ రోజు మంచం మీద దాటిన పసిగుడ్డుకు ఇప్పుడు తలంతా నెరిసింది. నీళ్లు చూడటానికి పోయి వస్తున్నాడు. చెప్పులు తడిగా ఉన్నాయి. నా వైపు చూసి, నీళ్లు వేపచెట్టు కింద కాళ్ల బండ దాకా వచ్చాయని పెదవులతోనే చెప్పాడు. అవ్వ మాట వాడూ విన్నాడు.

నేను లేచి నువ్వుల నూనె వేడి చేసి తెచ్చాను. వాడు ఒక కాలు, నేను ఒక కాలు ఒళ్లో పెట్టుకుని, వెచ్చబడే దాకా రుద్దుతూ కూర్చున్నాం.